పిల్లలు, కౌమార వయస్కుల హెచ్.ఐ.వి. పరీక్షా విధానాలు: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

హెచ్.ఐ.వి.ని రక్తంలో గుర్తించే పరీక్ష 1985లో అందుబాటులోకి వచ్చింది. పెద్దల విషయంలో సూటిగా సమాధానం చెప్పిన ఆ పరీక్ష శిశువుల విషయంలో చాలాకాలం అస్పష్టంగానే మిగిలింది. శిశువులకు తగిన పరీక్ష వచ్చాక కూడా అది పిల్లలందరికీ చేరలేదు. ఎవరిని పరీక్షించాలి, ఎక్కడ వెతకాలి, ఎవరి అనుమతితో పరీక్షించాలి అనే ప్రశ్నలకు గత నాలుగు దశాబ్దాలలో వచ్చిన సమాధానాలను ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది. అమెరికా, ఆఫ్రికా అనుభవాలను, భారతదేశంలోనూ తెలుగునేలపైనా జరిగిన కృషిని పక్కపక్కన పెట్టి చూస్తుంది. పిల్లల పరీక్షకు దారి ఎప్పుడూ ఒక పెద్దమనిషి గుండానే వేయబడిందనీ, ఆ పెద్దమనిషి లేని చోట బిడ్డ లెక్కలోకి రాకుండా పోయిందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హెచ్.ఐ.వి., శిశు నిర్ధారణ, లక్షిత పరీక్ష, కౌమార వయస్కులు, అంగీకారం, గోప్యత, ఆంధ్రప్రదేశ్.

1. ఉపోద్ఘాతం

ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం అంచనాల ప్రకారం 2023లో ప్రపంచవ్యాప్తంగా 14 ఏళ్లలోపు పిల్లలు సుమారు 14 లక్షల మంది హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నారు. వారిలో చికిత్స అందుతున్నవారు 57 శాతం. పెద్దలలో ఇది 77 శాతం. అదే సంవత్సరంలో సుమారు 76 వేల మంది పిల్లలు ఎయిడ్స్ సంబంధిత కారణాలతో మరణించారు. మందులు ఉన్నాయి, పరీక్షలు ఉన్నాయి. అయినా పెద్దలకూ పిల్లలకూ మధ్య ఇంత అంతరం ఉంది. దీనికి మందుల కొరత ఒక్కటే కారణం కాదు. చికిత్స మొదలుకావాలంటే ముందు వ్యాధి సోకిందన్న సంగతి తెలియాలి. పిల్లల విషయంలో అది తెలియడమే కష్టమవుతున్నది.

జనాభాలో అందరికీ కాక, సంక్రమణకు ఎక్కువ అవకాశం ఉన్నవారిని గుర్తించి వారికి పరీక్ష చేసే పద్ధతిని ఈ వ్యాసంలో 'లక్షిత పరీక్ష' అని వ్యవహరించడం జరిగింది. పెద్దవారు తమంతట తాము పరీక్షకు రాగలరు. తమకు ప్రమాదం ఉందని ఊహించగలరు, ఆసుపత్రికి వెళ్లగలరు, ఫలితాన్ని దాచుకోనూగలరు. పసిబిడ్డకు ఇవేవీ సాధ్యం కావు. పన్నెండేళ్ల పిల్లకు కొన్ని సాధ్యమైనా చట్టం ఒప్పుకోదు. కాబట్టి బిడ్డను ఎవరో ఒకరు తీసుకురావాలి. ఆ 'ఎవరో ఒకరు' ఎవరన్నదే పిల్లల హెచ్.ఐ.వి. పరీక్షల చరిత్రలో ప్రధానాంశం.

2. తల్లి రక్తమా, బిడ్డ రక్తమా? (1982–1997)

1981 జూన్ 5న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాల వారపత్రికలో లాస్ ఏంజెలెస్‌కు చెందిన ఐదుగురు యువకుల న్యుమోనియా గురించి వచ్చిన నివేదిక ఎయిడ్స్ చరిత్రకు ఆరంభంగా చెప్పుకుంటారు. సుమారు ఏడాదిన్నర తరువాత, 1982 డిసెంబరులో, అదే పత్రిక శిశువులలో కారణం తెలియని రోగనిరోధక లోపాన్ని ప్రస్తావించింది. నెవార్క్‌లో జేమ్స్ ఒలెస్కే, బ్రాంక్స్‌లో ఆర్యే రూబిన్‌స్టీన్ వంటి శిశువైద్యులు తమ వద్దకు వస్తున్న పిల్లల జబ్బు ఇదేనని 1983లో ప్రకటించారు. అప్పటికి ఇది పెద్దల వ్యాధి అన్న అభిప్రాయం బలంగా ఉండటంతో ఈ మాట నెమ్మదిగా గాని అంగీకారం పొందలేదు.

1985 మార్చిలో అమెరికాలో మొదటి ఎలీసా పరీక్షకు అనుమతి లభించింది. ఈ పరీక్ష వైరస్‌ను నేరుగా వెతకదు. వైరస్‌కు ప్రతిగా శరీరం తయారుచేసిన ప్రతిరక్షకాలను గుర్తిస్తుంది. శిశువుల విషయంలో చిక్కు ఇక్కడే వచ్చింది. గర్భంలో ఉండగానే తల్లి ప్రతిరక్షకాలు మాయ గుండా బిడ్డ రక్తంలోకి చేరతాయి. అవి పుట్టిన తరువాత పద్దెనిమిది నెలల వరకూ మిగిలి ఉండవచ్చు. కాబట్టి హెచ్.ఐ.వి. ఉన్న తల్లికి పుట్టిన బిడ్డలందరికీ, వైరస్ సోకినా సోకకపోయినా, ఎలీసాలో పాజిటివ్ ఫలితమే రావచ్చు. బిడ్డకు చేసిన పరీక్ష నిజానికి తల్లి సంగతి చెప్పేది. బిడ్డ సంగతి తేలాలంటే ఏడాదిన్నర ఆగాలి.

ఈ శాస్త్రీయ పరిమితి నుంచే ఒక నైతిక వివాదం పుట్టింది. న్యూయార్క్ రాష్ట్రం 1987లో నవజాత శిశువుల మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలను పేర్లు తొలగించి హెచ్.ఐ.వి. కోసం పరీక్షించడం ప్రారంభించింది. మరుసటి ఏడాది సమాఖ్య ప్రభుత్వం ఇదే పద్ధతిని ఇతర రాష్ట్రాలకు విస్తరించింది. ఏ ప్రాంతంలో ఎంతమంది తల్లులకు సంక్రమణ ఉందో దీనితో కచ్చితంగా తెలిసేది. ఏ తల్లికి, ఏ బిడ్డకు అన్నది మాత్రం ఎవరికీ తెలిసేది కాదు. పాజిటివ్ చుక్క ప్రయోగశాలలో నమోదయ్యేది, ఆ చుక్క ఇచ్చిన బిడ్డ తల్లి ఒడిలో ఇంటికి వెళ్లిపోయేది.

చికిత్స లేని రోజుల్లో దీన్ని సమర్థించుకోవడం కొంత సులభం. 1994లో పరిస్థితి మారింది. గర్భిణికి, ప్రసవ సమయంలో తల్లికి, పుట్టిన బిడ్డకు జిడోవుడిన్ ఇస్తే తల్లి నుంచి బిడ్డకు సంక్రమణ 25.5 శాతం నుంచి 8.3 శాతానికి తగ్గుతుందని '076' అన్న సంఖ్యతో ప్రసిద్ధమైన పరిశోధన నిరూపించింది. చేయగలిగిన సాయం ఉన్నప్పుడు తెలిసిన ఫలితాన్ని తల్లికి చెప్పకుండా ఉండటం న్యాయమా అన్న ప్రశ్న తీవ్రమైంది. 1995 మేలో సమాఖ్య ప్రభుత్వం ఆ అజ్ఞాత సర్వేను నిలిపివేసింది. శాసనసభ్యురాలు నెటీ మేయర్సన్ పట్టుదలతో న్యూయార్క్ 1996లో చట్టం చేసి, 1997 ఫిబ్రవరి నుంచి నవజాత శిశువులందరికీ పేరుతో సహా పరీక్ష జరిపి ఫలితాన్ని తల్లికి తెలియజేయడం మొదలుపెట్టింది. బిడ్డ పేరుతో తల్లిని ఆమె అంగీకారం లేకుండానే పరీక్షించడమే ఇదని మహిళా హక్కుల సంఘాలు వాదించాయి. బిడ్డ ప్రాణం ముందు ఆ అభ్యంతరం నిలవదని ఎదుటి పక్షం అన్నది. రెండు వాదాలలోనూ నిజం ఉంది. తల్లీబిడ్డల రక్తం వేరు చేసి చెప్పలేని పరీక్షతో తల్లీబిడ్డల హక్కులను వేరు చేసి చూడటం సాధ్యం కాలేదు.

3. ఎండిన రక్తపు చుక్క: శిశు నిర్ధారణ

ప్రతిరక్షకాల చిక్కును దాటించినది పి.సి.ఆర్. అనే పద్ధతి. కేరీ మల్లిస్ 1980లలో రూపొందించిన ఈ పద్ధతికి 1993లో నోబెల్ బహుమతి లభించింది. రక్తంలో ఉన్న వైరస్ జన్యుపదార్థం అతి స్వల్పమైనా దాన్ని అనేక రెట్లు పెంచి గుర్తించడం దీనివల్ల సాధ్యమైంది. ఫలితం తల్లి ప్రతిరక్షకాల మీద ఆధారపడదు కాబట్టి కొన్ని వారాల వయసులోనే బిడ్డ సంగతి తెలుస్తుంది.

అయితే పి.సి.ఆర్. యంత్రాలు నగరాలలోని పెద్ద ప్రయోగశాలల్లో మాత్రమే ఉండేవి. పల్లెలో పుట్టిన బిడ్డ రక్తాన్ని చల్లదనం చెడకుండా అక్కడికి చేర్చడం కష్టం. దీనికి పరిష్కారం పాత పద్ధతి ఒకదానిలో దొరికింది. రాబర్ట్ గత్రీ 1960ల ఆరంభంలో ఫినైల్‌కీటోన్యూరియా అనే జన్మతః వచ్చే వ్యాధిని గుర్తించడానికి శిశువు మడమ రక్తాన్ని వడపోత కాగితం మీద చుక్కలుగా తీసి ఆరబెట్టేవాడు. ఆ కాగితాన్నే హెచ్.ఐ.వి. శిశు నిర్ధారణకు వాడుకున్నారు. ఆరిన చుక్క కవరులో పెట్టి తపాలాలో కూడా పంపవచ్చు. యంత్రం దగ్గరికి బిడ్డ వెళ్లనవసరం లేకుండా బిడ్డ రక్తపు చుక్క వెళ్తే సరిపోతుందన్నది ఈ మార్పులోని సారం.

ఈ తొందర ఎందుకో గణాంకాలు చెబుతాయి. ఆఫ్రికా దేశాల అధ్యయనాలను కలిపి 2004లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం చికిత్స అందని హెచ్.ఐ.వి. శిశువులలో సుమారు 35 శాతం మొదటి పుట్టినరోజుకు ముందే, 52 శాతానికి పైగా రెండో పుట్టినరోజుకు ముందే మరణించారు. ఏడాదిన్నర ఆగి పరీక్షించే పద్ధతిలో, పరీక్ష తేదీ నాటికే చాలామంది పిల్లలు బతికి ఉండరు. దక్షిణాఫ్రికాలో జరిగి 2008లో ప్రచురితమైన 'చెర్' పరిశోధన, రోగలక్షణాల కోసం ఎదురుచూడకుండా తొలి వారాల్లోనే చికిత్స మొదలుపెడితే శిశు మరణాలు 76 శాతం తగ్గుతాయని చూపింది. ఆ ఏడాదే ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఏడాదిలోపు హెచ్.ఐ.వి. శిశువులందరికీ వెంటనే చికిత్స ఇవ్వాలని సూచించింది. ఈ వయోపరిమితి 2010లో రెండేళ్లకు, 2013లో ఐదేళ్లకు పెరిగి, 2015లో పూర్తిగా తొలగిపోయింది.

శిశు నిర్ధారణ లక్షిత పరీక్షకు అత్యంత స్పష్టమైన ఉదాహరణ. ఎవరిని పరీక్షించాలో ముందే తెలుసు: హెచ్.ఐ.వి. ఉన్న తల్లి బిడ్డను. కాని ఈ స్పష్టతలోనే దాని లోపమూ ఉంది. తల్లికి పరీక్ష జరగకపోతే బిడ్డ జాబితాలోకి రాదు. గర్భధారణ సమయంలో నెగటివ్ వచ్చి, బిడ్డకు పాలిచ్చే కాలంలో తల్లికి వైరస్ సోకితే ఆ బిడ్డ కూడా జాబితాలోకి రాదు. పుట్టింటికి, అత్తింటికి మధ్య తిరిగే తల్లి ఒక ఊళ్లో పరీక్ష చేయించుకుని మరో ఊళ్లో కంటే కాగితం ఒకచోట, బిడ్డ మరోచోట ఉండిపోతారు.

4. భారతదేశంలో, తెలుగునేలపై

భారతదేశంలో హెచ్.ఐ.వి. ఉనికిని 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలొమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల కనుగొన్నారు. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, నాకో, ఏర్పడింది. తొలి సంవత్సరాలలో పరీక్షల ప్రధానోద్దేశం వ్యాప్తిని లెక్కించడమే. 1998 నుంచి వ్యవస్థీకృతంగా సాగిన నిఘా సర్వేలలో గర్భిణుల నుంచి సిఫిలిస్ పరీక్షకు తీసిన రక్తంలో మిగిలిన భాగాన్ని పేర్లు తొలగించి హెచ్.ఐ.వి. కోసం పరీక్షించేవారు. న్యూయార్క్ శిశువుల సర్వేకూ దీనికీ పద్ధతిలో పోలిక ఉంది. రాష్ట్రం ఏ స్థాయిలో ప్రమాదంలో ఉందో తెలిసేది, ఏ తల్లి ప్రమాదంలో ఉందో ఆ సర్వే చెప్పేది కాదు.

ఆ లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలోని అధిక వ్యాప్తి గల ఆరు రాష్ట్రాలలో ఒకటిగా నిలిచింది. 2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల వయసువారిలో వ్యాప్తి దేశం మొత్తం మీద 0.28 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో 0.97 శాతంగా తేలింది. గుంటూరు జిల్లాలో లలిత్ దండోనా బృందం ఇంటింటి నమూనాలతో జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనం వ్యాప్తిని 1.72 శాతంగా నిర్ణయించింది. ప్రభుత్వాసుపత్రులలో జరిగే నిఘా సర్వేల ఆధారంగా వేసిన అంచనా దీనికి రెట్టింపుకు పైగా ఉంది. ఎక్కడ వెతికితే ఏ సంఖ్య వస్తుందో, వెతికే చోటే సంఖ్యను ఎలా మారుస్తుందో చెప్పడానికి గుంటూరు అధ్యయనం ఒక ముఖ్యమైన నిదర్శనం. పిల్లల పరీక్షలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

2004 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోనూ ఢిల్లీలోనూ ఉచిత ఏ.ఆర్.టి. చికిత్స ప్రారంభమైంది. పిల్లలకు తగిన మోతాదుల మందులు, వారికోసం ప్రత్యేక సేవలు లక్ష్యంగా 2006 నవంబరు 30న జాతీయ బాలల హెచ్.ఐ.వి. కార్యక్రమం మొదలైంది. అదే కాలంలో విడివిడిగా ఉన్న పరీక్షా కేంద్రాలను, గర్భిణుల సేవా కేంద్రాలను కలిపి ఐ.సి.టి.సి.లుగా మార్చారు. 2010లో ఎండిన రక్తపు చుక్కల ఆధారంగా శిశు నిర్ధారణ దేశవ్యాప్త కార్యక్రమంగా రూపుదిద్దుకుంది. తొలి పరీక్ష ఆరు వారాలకు జరుగుతుంది. బిడ్డకు టీకా వేయించడానికి తల్లి ఎలాగూ వచ్చే సమయం అదే కావడం ఇందులో కలిసివచ్చిన అంశం. ఆపైన ఆరు నెలలకు, ఏడాదికి, ఏడాదిన్నరకు మళ్లీ పరీక్షించి, చివరి నిర్ధారణ ఏడాదిన్నర వయసులో జరుపుతారు. 2014 జనవరి నుంచి హెచ్.ఐ.వి. ఉన్న గర్భిణులందరికీ జీవితాంతం చికిత్స ఇవ్వడం, 2017 ఏప్రిల్ నుంచి వైరస్ సోకిన ప్రతి వ్యక్తికీ చికిత్స ఇవ్వడం విధానంగా మారాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పలు జిల్లాలలో 2007–2012 మధ్య నడిచిన 'బాలసహయోగ' కార్యక్రమం ఈ సందర్భంలో ప్రస్తావించదగినది. బిడ్డను ఒంటరిగా గాక కుటుంబంలో భాగంగా చూడటం దాని పద్ధతి. ఏ.ఆర్.టి. కేంద్రానికి వస్తున్న తల్లి లేదా తండ్రి ఇంట్లో ఎంతమంది పిల్లలున్నారు, వారికి పరీక్ష జరిగిందా లేదా అని అడిగి, జరగనివారిని తీసుకువచ్చే బాధ్యత క్షేత్రస్థాయి కార్యకర్తలకు అప్పగించారు. తరువాతి కాలంలో ప్రపంచవ్యాప్తంగా సిఫార్సు పొందిన కుటుంబ పరీక్షా పద్ధతిలోని మూలసూత్రం తెలుగు జిల్లాలలో అప్పటికే ఆచరణలో ఉందనడానికి ఇది ఆధారం.

5. లెక్కకు అందని పిల్లలు: హరారే పాఠం

తల్లి గుండా వేసిన దారిలో దొరకని పిల్లలు ఏమవుతారు? చాలాకాలం వైద్యలోకం వద్ద ఒక సమాధానం ఉండేది: చికిత్స లేని పిల్లలు ఐదేళ్లలోపే మరణిస్తారు కాబట్టి ఆ పైవయసు పిల్లలలో పుట్టుకతో వచ్చిన హెచ్.ఐ.వి. అరుదు. జింబాబ్వే రాజధాని హరారేలో రషిదా ఫెర్రాండ్ బృందం చేసిన పరిశోధనలు ఈ నమ్మకాన్ని తలకిందులు చేశాయి. అక్కడి ఆసుపత్రులలో చేరిన 301 మంది కౌమార వయస్కులలో 46 శాతం మందికి హెచ్.ఐ.వి. ఉన్నట్లు 2010లో ప్రచురితమైన వారి అధ్యయనం వెల్లడించింది. వారిలో అత్యధికులకు పుట్టుకతోనే వైరస్ సోకిందని పరిశోధకులు నిర్ణయించారు. అంతకుముందు ఏడాది అదే బృందం వేసిన లెక్క ప్రకారం, పుట్టుకతో వైరస్ సోకిన పిల్లలలో మూడింట ఒక వంతుకు పైగా వ్యాధి నెమ్మదిగా ముదిరేవారే. చికిత్స లేకుండానే వారు కౌమారం దాకా జీవించగలరు.

ఈ పిల్లలు ఆరోగ్యవంతులేమీ కాదు. వయసుకు తగిన ఎత్తు ఉండరు. చర్మవ్యాధులు, చెవిలో చీము, ఎడతెగని దగ్గు వారిని వదలవు. బడి మానేస్తూ, మళ్లీ చేరుతూ ఉంటారు. వారు ఎన్నోసార్లు ఆసుపత్రి గడప తొక్కినవారే. ప్రతిసారీ వచ్చిన జబ్బుకు మందు దొరికింది, హెచ్.ఐ.వి. పరీక్ష మాత్రం జరగలేదు. ఆ వయసు పిల్లకు హెచ్.ఐ.వి. ఉండవచ్చునన్న ఊహ వైద్యులకు రాకపోవడం ఒక కారణం. ఆమెను తీసుకువచ్చినవారు అమ్మమ్మో మేనమామో కావడం, తల్లిదండ్రుల మరణానికి కారణం వారికి తెలియకపోవడం లేదా తెలిసినా చెప్పకపోవడం మరో కారణం.

హరారే పరిశోధకులు తరువాతి సంవత్సరాలలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో 6–15 ఏళ్ల పిల్లల కోసం నాలుగే ప్రశ్నల జాబితా ఒకటి తయారుచేశారు. బిడ్డ ఎప్పుడైనా ఆసుపత్రిలో చేరిందా? మాటిమాటికీ చర్మవ్యాధి వస్తుందా? తల్లిదండ్రులలో ఒకరు గాని ఇద్దరు గాని మరణించారా? గత మూడు నెలల్లో ఆరోగ్యం బాగాలేదా? యంత్రమూ సూదీ అవసరం లేని ఈ ప్రశ్నల చారిత్రక ప్రాధాన్యం మూడో ప్రశ్నలో ఉంది. అంతవరకూ పరీక్షకు దారి బతికి ఉన్న తల్లి. ఇప్పుడు తల్లి లేకపోవడమే బిడ్డను వెతకడానికి గుర్తుగా మారింది.

6. ఎక్కడ వెతకాలి: లక్షిత పద్ధతుల తారతమ్యం

పిల్లలందరికీ పరీక్ష చేస్తే ఈ వెతుకులాట అక్కర్లేదు కదా అన్న వాదం సహజం. వ్యాప్తి తక్కువగా ఉన్న చోట ఇది ఎందుకు కుదరదో ఒక ఊహాత్మక లెక్కతో గ్రహించవచ్చు. వెయ్యిమందిలో ఒకరికి వైరస్ ఉన్న ప్రాంతంలో 10,000 మంది బడిపిల్లలకు పరీక్ష చేశారనుకుందాం. వైరస్ లేనివారిలో 99.5 శాతం మందికి సరిగ్గా నెగటివ్ చూపే పరీక్ష వాడినా, నిజంగా పాజిటివ్ అయిన 10 మందితోపాటు మరో 50 మందికి తప్పుడు పాజిటివ్ వస్తుంది. పాజిటివ్ అన్న మాట విన్న ఆరుగురిలో ఐదుగురికి ఆ జబ్బే ఉండదు. అదే పరీక్షను వందకు ఐదుగురికి వైరస్ ఉన్న సమూహంలో చేస్తే 500 మంది నిజమైనవారికి తోడు సుమారు 48 మందికే తప్పుడు ఫలితం వస్తుంది. అందువల్లనే భారతదేశంలో నిర్ధారణకు ఒక పరీక్ష చాలదు. లక్షణాలు లేనివారికి వేర్వేరు కిట్లతో చేసిన మూడు పరీక్షలూ పాజిటివ్ కావాలి. వ్యాప్తి తగ్గేకొద్దీ వెతకవలసిన చోటును ఎంచుకోవడం మరింత అవసరమవుతుంది.

గత రెండు దశాబ్దాలలో ఆచరణలోకి వచ్చిన లక్షిత పద్ధతులు ప్రధానంగా మూడు. మొదటిది ఆసుపత్రి మార్గం. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, రోగి అడిగేదాకా ఆగకుండా వైద్యసిబ్బందే పరీక్షను ప్రతిపాదించాలని సూచించింది. క్షయ చికిత్స పొందుతున్న పిల్లలు, తీవ్ర పోషకాహార లోపంతో చేరిన పిల్లలు, తరచు న్యుమోనియాకు గురయ్యే పిల్లలు ఈ మార్గంలో దొరుకుతారు. అయితే అప్పటికే వారి ఆరోగ్యం బాగా దెబ్బతిని ఉంటుంది.

రెండోది కుటుంబ మార్గం. ఇప్పటికే చికిత్సలో ఉన్న పెద్దల పిల్లలందరికీ పరీక్ష చేయడం. జబ్బు పడకముందే బిడ్డను గుర్తించగల మార్గం ఇదే. దీనికి అడ్డు తల్లిదండ్రుల భయం. నైరోబీలో జరిపి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తాము చికిత్స పొందుతూ కూడా పిల్లలకు పరీక్ష చేయించని తల్లిదండ్రులు ఎందరో ఉన్నట్లు తేలింది. వారిని ప్రత్యేకంగా పిలిచినా పిల్లలను తీసుకువచ్చినవారు కొద్దిమందే. బిడ్డ ఆరోగ్యంగానే కనిపిస్తున్నదన్న నమ్మకం, పాజిటివ్ వస్తే ఆ నేరం తమదవుతుందన్న బాధ, కుటుంబంలో ఇతరులకు తెలిసిపోతుందన్న జంకు ఇటువంటి వెనుకంజకు కారణాలు. ఇవి ఒక్క నైరోబీకే పరిమితమైనవి కావు.

మూడోది ప్రశ్నల మార్గం. హరారే జాబితా దీనికి ఉదాహరణ. తల్లిదండ్రులు లేని పిల్లలను ఇది చేరగలదు. కాని ఒక దేశంలో పనికివచ్చిన ప్రశ్నలు మరో దేశంలో అలాగే పనికిరావు. తల్లిదండ్రుల మరణానికి హెచ్.ఐ.వి.యే ముఖ్య కారణమైన చోట అనాథత్వం బలమైన గుర్తు. ఇతర కారణాలే ఎక్కువైన చోట ఆ గుర్తు బలహీనపడుతుంది. భారతదేశం వంటి చోట ఈ మూడు మార్గాలూ ఒకదానికొకటి తోడుగా ఉండవలసినవే తప్ప, ఒకటి మరొకదానికి ప్రత్యామ్నాయం కాదు.

7. అంగీకారం, గోప్యత, మాట

కౌమార వయస్కుల విషయంలో అసలు అడ్డంకి చాలాచోట్ల చట్టమే. దక్షిణాఫ్రికా 2005 నాటి బాలల చట్టం పన్నెండేళ్లు నిండిన పిల్లలు తమ పరీక్షకు తామే అంగీకారం తెలపవచ్చునని నిర్దేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో కౌమార వయస్కుల కోసం ప్రత్యేక మార్గదర్శకాలు వెలువరిస్తూ, వయోపరిమితులను పునఃపరిశీలించాలని ప్రభుత్వాలను కోరింది. భారతదేశంలో పద్దెనిమిదేళ్లలోపువారికి తల్లిదండ్రుల లేదా సంరక్షకుల అంగీకారం అవసరం. లైంగిక సంబంధం ద్వారా సోకే ప్రమాదం ఉన్న పదహారేళ్ల పిల్లకు ఈ నియమం తలుపు మూసినట్లే. 2012 నాటి పోక్సో చట్టం ఇటువంటి సమాచారాన్ని పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి చేయడం వల్ల ఆరోగ్య కేంద్రంలో మనసు విప్పి మాట్లాడే అవకాశం ఇంకా తగ్గుతుంది. పిల్లలపై లైంగిక దాడులను అరికట్టడానికి వచ్చిన చట్టం అది. దాని అవసరాన్ని ఎవరూ కాదనరు. కాని పరీక్షకు రావలసిన కౌమార వయస్కులపై దాని ప్రభావాన్నీ గమనించక తప్పదు.

2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చిన 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం అంగీకారం లేని పరీక్షను, అనుమతి లేకుండా ఫలితాన్ని వెల్లడించడాన్ని నిషేధించింది. విద్యాసంస్థలో ప్రవేశానికి హెచ్.ఐ.వి. పరీక్షను షరతుగా పెట్టడాన్ని వివక్షగా పేర్కొన్నది. లక్షిత పరీక్షకూ వెలివేతకూ మధ్య గీత గీసిన నిబంధన ఇది. వెతకడం చికిత్స కోసమే జరగాలి, ఏరివేయడం కోసం కాదు. ఇదే చట్టంలో మరో విశేషం ఉంది. తల్లిదండ్రులు హెచ్.ఐ.వి. కారణంగా బాధ్యత నిర్వహించలేని కుటుంబంలో, తగిన పరిణతి ఉన్న పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు అక్కగాని అన్నగాని, చెల్లెళ్లకూ తమ్ముళ్లకూ బడిలో చేర్పించడం, చికిత్స వంటి విషయాలలో సంరక్షకులుగా వ్యవహరించవచ్చు. పన్నెండేళ్ల అక్క తమ్ముడి చికిత్స బాధ్యత తీసుకోగలదని చట్టం గుర్తించింది. ఆ అక్కే తన పరీక్షకు తాను ఒప్పుకోవాలంటే మరో పెద్దమనిషి సంతకం కావాలి. ఈ వైరుధ్యం విధానకర్తల దృష్టికి రావలసి ఉంది.

పరీక్ష జరిగిన తరువాత బిడ్డకు ఏం చెప్పాలన్నది మరో ప్రశ్న. బడి ఈడు పిల్లలకు వారి స్థితిని వయసుకు తగిన మాటల్లో క్రమంగా చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో సూచించింది. చాలా ఇళ్లలో మరేదో జబ్బుకు మందు అని చెప్పి ఏళ్ల తరబడి మాత్రలు మింగిస్తారు. ఇక్కడ భాష కూడా ఒక సమస్యే. తెలుగు పిల్లలకు 'పరీక్ష' అనగానే గుర్తుకు వచ్చేది బడి, మార్కులు, తప్పడం. 'పాజిటివ్‌గా ఉండు' అని తరగతిలో మెచ్చుకోలుగా విన్న మాటనే ఆసుపత్రిలో భయపడవలసిన మాటగా వింటారు. 'నెగటివ్' వస్తే అందరూ సంతోషిస్తారు. వైద్య పరిభాషను బిడ్డకు అర్థమయ్యే తెలుగులోకి మార్చే పని ఐ.సి.టి.సి. కౌన్సెలర్ మీద, చాలాసార్లు ఆమె సొంత మాటల మీద ఆధారపడి ఉంది. బిడ్డకు చెప్పవలసిన మాటలను తయారుచేయడం భాషా పరిశోధకులు పాలుపంచుకోదగిన పని.

8. ముగింపు

పై పరిశీలన ఆధారంగా తేలిన అంశాలు ఇవి:

• తొలిదశలో బిడ్డకు చేసిన పరీక్ష తల్లి స్థితిని మాత్రమే చెప్పేది. పి.సి.ఆర్., ఎండిన రక్తపు చుక్క కలిసి బిడ్డను తల్లి రక్తం నుంచి వేరుచేసి చూడగలిగాయి. అయినా బిడ్డను గుర్తించే దారి తల్లి గుండానే మిగిలింది.

• పేరులేని సర్వేలు వ్యాప్తిని చెప్పాయి కాని వ్యక్తిని చేరలేదు. చికిత్స అందుబాటులోకి వచ్చిన తరువాత లెక్కించడం ఒక్కటే చాలదని న్యూయార్క్ అనుభవం రుజువు చేసింది.

• కౌమారం దాకా నిర్ధారణ లేకుండా జీవించిన పిల్లలు ఉన్నారని హరారే పరిశోధనలు నిరూపించాయి. శిశు నిర్ధారణ ఎంత విస్తరించినా, దాని వల నుంచి జారిపోయిన పెద్ద పిల్లలను విడిగా వెతకవలసిందే.

• వ్యాప్తి తగ్గుతున్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వంటి రాష్ట్రాలలో అందరికీ పరీక్ష కంటే ఆసుపత్రి, కుటుంబం, ప్రశ్నలు అనే మూడు మార్గాల కలయిక ప్రయోజనకరం. ఇందులో కుటుంబ మార్గానికి తెలుగు జిల్లాలలో పూర్వానుభవం ఉంది.

• సంరక్షకత్వ విషయంలో పన్నెండేళ్ల పిల్లల పరిణతిని గుర్తించిన భారతీయ చట్టం, స్వంత పరీక్షకు అంగీకారం విషయంలోనూ అదే దృష్టిని పరిశీలించవలసి ఉంది.

వైరస్‌ను కనుగొనే సాధనాలు నలభై ఏళ్లలో ఎంతో సూక్ష్మమయ్యాయి. ఆరు వారాల బిడ్డ మడమ నుంచి తీసిన ఒక్క చుక్క చాలు. ఆ చుక్క తీయడానికి బిడ్డను ఎవరు తీసుకువస్తారన్న ప్రశ్న మాత్రం మొదట్లో ఉన్నంత బలంగానే ఉంది. తీసుకువచ్చేవారు లేని బిడ్డ దగ్గరికి వ్యవస్థే నడిచి వెళ్లినప్పుడు లక్షిత పరీక్ష అన్న మాటకు సార్థకత చేకూరుతుంది.